వెయ్యికి ఎన్ని తప్పాయి?

ఆర్వో కంగస్ ఈ లోకంలో దేన్నీ బాగుంది అనడు. బాగాలేదు అని కూడా అనడు. "వెయ్యికి ఎన్ని తప్పాయి?" అని అడుగుతాడు.

కెటిల్ లేక్ ఊరికి కొత్త పళ్ళ డాక్టరు వచ్చాడు, చెయ్యి చాలా మెత్తన అని ఎవరైనా అంటే, "మెత్తన సరే, వెయ్యికి ఎన్ని?" అంటాడు. పాస్టరు గారు పదకొండున్నరకల్లా ప్రసంగం ముగిస్తానని మాటిచ్చి ముగించని ఆదివారాలు నూట నాలుగింట తొంభై ఒకటని అతని నోటుబుక్కులో ఉంది. ఆ సంగతి పాస్టరు గారికీ తెలుసు. ఆర్వో మూడో వరసలో కూర్చుని చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకోగానే ఆయన కంగారుపడిపోతాడు. ఆ కంగారులో చెప్పిందే మళ్ళీ చెప్పి ఇంకో పది నిమిషాలు సాగదీస్తాడు. ఆర్వో తొంభై రెండు అని దిద్దుకుంటాడు.

ఇలాంటి మనిషితో నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన ఇల్లాలు డెలోరెస్. బడిలో వంటమనిషిగా పనిచేసి, బడి వంటవాళ్ళ సంఘాన్ని పద్దెనిమిదేళ్ళు నడిపి, సూపరింటెండెంట్లను కుర్చీల్లోంచి లేపి నిలబెట్టి మాట్లాడించిన మనిషి. ఆమె చుట్టే వాల్‌నట్ రొట్టె, పొటీట్సా అంటారు దాన్ని, ఆ ఇనుప గనుల ప్రాంతమంతా పేరున్నది. పెళ్ళయింది మొదలు చేసిన మూడు వందల పన్నెండు పొటీట్సాలలో ఒక్కటి చెడింది. ఒక క్రిస్మసుకి వాల్‌నట్లు కనరెక్కి ఉన్నాయి, ఆమె చూసుకోలేదు. మొగుడన్నవాడు అలాంటిది మరిచిపోవాలి కదా!

"మూడు వందల పన్నెండుకి ఒకటి. చాలా గొప్ప లెక్క అది, డెలోరెస్," అంటాడు ఆర్వో, నిజంగానే మెచ్చుకుంటూ.

"ఆ ఒక్కటీ రాయకపోతే నీ చెయ్యి పడిపోతుందా?"

"రాయకపోతే మిగతా మూడు వందల పదకొండూ ఎవడు నమ్ముతాడు?"

డెలోరెస్ అప్పడాల కర్ర లాంటి తన పిండి కర్రను చేతిలోకి తీసుకునేది. ఆర్వో గారేజీలోకి వెళ్ళిపోయేవాడు.

ఈ అలవాటు అతనికి గనిలో పట్టుకుంది. ముప్ఫై ఆరేళ్ళు అక్కడ ఎలక్ట్రీషియన్. గనిలో లారీ అంటే రెండంతస్తుల ఇల్లంత ఉంటుంది. దాని దారిలో ఒక దీపం ఆరితే కింద మనిషి ఉన్నాడో లేడో పైన కూర్చున్నవాడికి తెలియదు. దొరలు మాత్రం గదుల్లో కూర్చుని, "దీపాలు బాగానే ఉన్నాయి" అనేవారు. ఆర్వో యూనియన్ తరఫున నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి, ఏ స్తంభం మీది దీపం ఏ తేదీన ఎన్నిసార్లు ఆరిందో చదివేవాడు. వాళ్ళు ఆవలించేదాకా చదివేవాడు, ఆవలింతలయ్యాక మొదటి నుంచి చదివేవాడు. దీపాలు మారేవి. ఆ చదువు వల్ల ఎంతమంది కాళ్ళూ చేతులూ మిగిలాయో మాత్రం ఏ నోటుబుక్కులోనూ లేదు.

రిటైరయ్యాక గని లేదు, లారీలు లేవు. నోటుబుక్కు మాత్రం ఉంది. దాంతో ఇంట్లో దీపాల మీద పడ్డాడు.

స్విచ్చి దగ్గరికి వెళ్ళకుండా దీపం వెలిగించే ఏర్పాట్లు లోకంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఆ చిన్న ఇంట్లోకి వచ్చి చేరాయి. వాటిలో ఏది నమ్మదగ్గదో తేల్చాలి. అందుకని గదికొక రకం. హాల్లో రేడియో బల్బులు. ఒకటి విన్న మాటను పక్కదానికి చేరవేస్తుంది. మెట్ల దగ్గర ప్రత్యేకంగా సన్నతీగలు లాగిన రకం. పడకగదిలో ఇంటర్నెట్టు రకం. అది వెలగాలంటే ఎక్కడో రెండు వేల మైళ్ళ అవతల కంపెనీ కంప్యూటరు సరే అనాలి. నేలమాళిగలోని సానాలో, ఆ ఆవిరి గదిలో, చెబితే వినే రకం. వంటింట్లో నలభై ఏళ్ళనాటి గోధుమరంగు పెట్టె. మామూలు కరెంటు తీగల్లోంచే సందేశం పంపిస్తుంది.

సానాలో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తే వచ్చే చప్పుడులో ఆ వినే యంత్రానికి ఏమీ వినపడదు. ఆర్వో ఒంటి మీద నూలుపోగు లేకుండా చీకట్లో నిలబడి "దీపం! దీపం!" అని కేకలు పెట్టేవాడు. దీపం వెలిగేది కాదు గానీ వీధిలో కుక్కలు మొరిగేవి. వెయ్యికి ఆరు వందల పది.

ఇంటర్నెట్టు రకానిది ఇంకో కథ. ఒక శుభోదయాన ఆ కంపెనీ మూతపడింది. పడకగదిలో దీపం వెలిగి ఉండగా మూతపడింది. పదకొండు రోజులు దీపం ఆరలేదు. డెలోరెస్ కళ్ళకు ఊలు మఫ్లరు కట్టుకుని పడుకుంది.

"ఆ బల్బు విప్పెయ్యరాదా మనిషీ!"

"నేను విప్పితే పరీక్ష చెడిపోతుంది. ఉండనీ, ఎన్ని రోజులుంటుందో చూద్దాం."

"గోడ మీద స్విచ్చి ఉంది కదయ్యా, మీ నాన్న పెట్టించింది! దానికి ఎన్ని తప్పాయి?"

"నలభై ఏళ్ళలో ఒకటి. అది కూడా ఉడుత తీగ కొరికింది."

"మరింకేం?"

"స్విచ్చి దాకా నడిచివెళ్ళగలిగినవాళ్ళకి అది చాలు," అనేవాడు ఆర్వో.

"నువ్వు నడవగలవు! నేను నడవగలను! పిల్లి కూడా నడవగలదు!"

ఆర్వో పెన్సిలు చెవి మీద పెట్టుకునేవాడు.

అన్నిటికన్నా ఎక్కువగా డెలోరెస్ ప్రాణం తీసింది వంటింటి గోధుమరంగు పెట్టె. ఇంట్లోకి కరెంటు రెండు పాయలుగా వస్తుంది. సందేశం వచ్చేది ఒక పాయ మీద, వంటబల్ల మీది దీపం ఉన్నది రెండో పాయ మీద. ఈ పాయ మాట ఆ పాయకు వినపడదు. కానీ కరెంటు ఓవెన్ రెండు పాయలనూ కలుపుకుని కాగుతుంది. అది కాగుతున్నంతసేపూ మాట అటు నుంచి ఇటు దాటుతుంది. ఈ సంగతి ఆర్వో మూడేళ్ళ క్రితం ఒక జనవరి ఉదయాన బల్ల మీద పిండి చల్లి, అందులో వేలితో గీతలు గీసి పెళ్ళానికి బోధపరిచాడు.

"అంటే దీపం వెలగాలంటే నేను ఓవెన్ వెయ్యాలా?" అంది డెలోరెస్.

"రోజూ ఆరూ యాభైకి. ఏడింటికి అది ఇంకా కాగుతూ ఉండాలి. కాగడం ఆపితే పనికిరాదు."

"ఖాళీ ఓవెన్ కాగబెట్టడానికి నాకేం పిచ్చా?"

"ఖాళీగా ఎందుకు? ఏదైనా పెట్టు."

అలా మొదలైంది. మూడేళ్ళుగా ఏ రోజూ తప్పకుండా ఆరూ యాభైకి డెలోరెస్ ఓవెన్ వేసేది. వేసినందుకు యాలకుల బన్నులో, బ్లూబెర్రీ కేకో పెట్టేది. సరిగ్గా ఏడింటికో, ఏడూ ఒకటికో బల్ల మీది దీపం వెలిగేది. ఆర్వో పెట్టె మీద ఒక మీట నొక్కేవాడు. నోటుబుక్కులో ఏదో రాసేవాడు. అప్పుడు గానీ కాఫీ ముట్టుకునేవాడు కాదు. గడియారం పెట్టి వెలిగిస్తున్నాడు కాబోలు అనుకుంది డెలోరెస్. బన్నులు మాత్రం వీధంతా తిని లావెక్కింది.

ఇందులో ఇంకో తలవంపు కూడా ఉంది. పక్కింటికీ వీళ్ళింటికీ స్తంభం మీద ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. ఆర్వో మీట నొక్కగానే పక్కింట్లో, బెర్నడీన్ జూపన్ వంటింట్లో కూడా ఒక దీపం టక్కున వెలిగేది. డెలోరెస్ కిటికీలోంచి చూసి తల పట్టుకునేది.

బెర్నడీన్‌కి అరవై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. మంచు తుఫానులో కూడా ఏడింటికల్లా మొదటి పిల్లవాడి ఇంటి ముందు బస్సు ఆగేది. తరవాత కాళ్ళూ చేతులూ మెల్లమెల్లగా మాట వినడం మానేసే జబ్బు వచ్చింది. ఇప్పుడు చక్రాల కుర్చీ. కౌంటీ తరఫున తొమ్మిదింటికి ఒక సహాయకురాలు వచ్చి రెండు గంటలుండి పోతుంది. మిగతాదంతా బెర్నడీన్ తనే చేసుకుంటుంది, పళ్ళు బిగించి.

మూడేళ్ళ క్రితం అంటుజ్వరాల రోజుల్లో, సహాయకురాలు రాని ఒక రోజున, ఆమె వంటింట్లో పడిపోయింది. పందొమ్మిది గంటలు నేల మీదే ఉంది. పట్టపగలు రెండింటికి కూడా పక్కింటి వంటింట్లో దీపం వెలుగుతోందేమిటి, నా పెట్టె వల్లేనా అని చూడటానికి వెళ్ళిన ఆర్వోయే ఆమెను చూశాడు. మనిషి బతికింది. కానీ కౌంటీ ఫైలులో ఒక వాక్యం ఎక్కింది: పడిపోయింది, పందొమ్మిది గంటలు ఎవరూ గమనించలేదు. అప్పటి నుంచి ఏటా ఒకరు వచ్చి, ఈమె ఒంటరిగా ఉండవచ్చా, తొంభై మైళ్ళ అవతల సంరక్షణ కేంద్రానికి పంపాలా అని చూసిపోతున్నారు. ఆ కేంద్రంలో గదికి ఇద్దరు. లేవమన్నప్పుడు లేవాలి, పడుకోమన్నప్పుడు పడుకోవాలి. కిటికీలోంచి కార్లు కనపడతాయి.

"బెర్నడీన్, మా ఆయన పిచ్చి మీ ఇంటి దాకా వచ్చేస్తోంది. ఏమీ అనుకోకు, మీ దీపం అందుకోకుండా ఆ పెట్టె అంకె మార్పించేస్తాను," అని డెలోరెస్ ఎన్నిసార్లు క్షమాపణ చెప్పిందో.

"వద్దు వద్దు! మార్చకు!" అనేది బెర్నడీన్, అవసరమైన దానికన్నా గట్టిగా. తరవాత నవ్వేది. "వెలగనీలే. నాకు అలారం కొనే పని తప్పింది."

ఎంత మంచి మనసో అనుకునేది డెలోరెస్. ఇంకో రెండు బన్నులు ఎక్కువ పెట్టేది.

నెలకోసారి మంగళవారం నాడు చర్చి కింది గదిలో దీపాల పిచ్చివాళ్ళ సభ ఉంటుంది. కాఫీ కాచేది డెలోరెస్ గనుక ఆ మాటలన్నీ చెవిన పడేవి. ఆర్వో పట్టిక విప్పి గోడకు అంటించేవాడు. రూడీ పెచెక్ అని, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు, రేడియో బల్బుల భక్తుడు, దాని ముందు నిలబడి గింజుకునేవాడు. అతని రేడియో వెయ్యికి పదకొండు. తీగల రకం వెయ్యికి మూడు. అన్నిటికీ పైన, మొదటి వరసలో, "ఏడు గంటల దీపం" అని ఉండేది. దాని ఎదురుగా నెలనెలా పెరిగే ఒక పెద్ద అంకె, పక్కన సున్నా.

"ఇది ఏ రకమయ్యా?" అని రూడీ ఒకసారి నిలదీశాడు.

"కరెంటు తీగల్లోంచి పోయే రకం. గోధుమరంగు పెట్టె."

"ఆ డొక్కుదా! పక్కింట్లో ఫోను చార్జింగు పెడితే చచ్చిపోతుంది అది! నా దగ్గరున్నది వెయ్యికి డెబ్బై తప్పింది. నీదానికి సున్నా ఎలా వస్తుంది?"

"వస్తోంది."

"ఎవరు తయారుచేశారు దాన్ని? చెప్పు, నేనూ కొనుక్కుంటాను."

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి, కంపెనీకా? ఆర్వో, నిన్ను నలభై ఏళ్ళుగా ఎరుగుదును. నువ్వు లెక్కలు వండుతున్నావు!"

ఆర్వోని దొంగ అన్నా పడతాడు, లెక్కలు వండాడంటే పడడు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ కుండ పట్టుకుని నిలబడ్డ డెలోరెస్‌కి అది వింతగా తోచింది. పొటీట్సా విషయంలో పెళ్ళాంతో నలభై ఎనిమిదేళ్ళుగా పోట్లాడుతున్నవాడు రూడీకి జవాబు చెప్పడేం?

ఆ మూడేళ్ళలో ఇలాంటి వింతలు ఇంకా ఉన్నాయి. అరిజోనాలో ఉన్న ఆమె చెల్లెలు శీతాకాలం రమ్మని పిలుస్తుంది. ఆర్వో రాడు. "పరీక్ష మధ్యలో ఉంది," అంటాడు. హెర్నియా ఆపరేషనుకు ఆసుపత్రివాళ్ళు ఒక రాత్రి ఉండమంటే, డాక్టరును వెయ్యికి ఎన్ని అని అడిగి విసిగించి, సాయంత్రానికి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు ఏడింటికి కుట్లు పట్టుకుని వంటబల్ల దగ్గర కూర్చున్నాడు.

"నాకంటే ఆ దీపమే ఎక్కువైపోయింది నీకు," అంది డెలోరెస్.

"ఓవెన్ వేశావా?" అన్నాడు ఆర్వో.

ఈ మార్చిలో బెర్నడీన్‌కి ఉత్తరం వచ్చింది. పద్నాలుగో తారీకున కొత్త అధికారి వస్తుంది. పడిపోయినట్టు ఫైలులో ఉన్నవాళ్ళందరి సంగతీ ఈసారి తేల్చేస్తారట. సహాయకుల గంటలు కూడా తక్కువగా ఉన్నాయట. ఉత్తరం చదివి వినిపించేటప్పుడు బెర్నడీన్ గొంతు బస్సు నడిపేటప్పటి లాగానే ఉంది. చదవడం అయ్యాక మాత్రం కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"నేను పక్కన కూర్చుంటాను. ఎలా పంపిస్తారో చూస్తాను," అంది డెలోరెస్. వంటవాళ్ళ సంఘం రోజుల్లో వేసుకున్న నీలం కోటు బయటికి తీసింది. వాకిట్లో మంచు తీసే వంకతో ఆర్వో కూడా వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు.

వచ్చిన అధికారి పేరు టెస్సా ఓల్మ్‌స్టెడ్. ముప్ఫై ఏళ్ళుంటాయి. డెలోరెస్ ఒక రాక్షసిని ఊహించుకుని వస్తే, బూట్లలో మంచు కరిగి కాళ్ళు తడిసిన ఒక అలిసిపోయిన పిల్ల వచ్చింది. పోట్లాడటానికి వచ్చినవాళ్ళకు అంతకన్నా అన్యాయం ఇంకోటి ఉండదు. డెలోరెస్ ముందు ఆమెకు కాఫీ ఇచ్చింది.

"ప్రతి ఉదయం మీ అంతట మీరు మంచం దిగగలరా అండీ?"

"దిగుతాను," అంది బెర్నడీన్.

"ప్రతి రోజూనా?"

"ప్రతి రోజూ."

టెస్సా పెన్ను కింద పెట్టింది. "అందరూ ప్రతి రోజూ అనే చెబుతారండీ. నేను నమ్మక కాదు. మీరు పడిపోయిన రోజుకి మా ఫైలులో కాగితం ఉంది. పడిపోని రోజులకి కాగితం లేదు. పైవాళ్ళు కాగితమే చూస్తారు."

మూలన పెన్సిలు కింద పడ్డ చప్పుడైంది.

"ఏమన్నావమ్మా?" అన్నాడు ఆర్వో, లేచి నిలబడి. "పడిపోని రోజులకి కాగితం లేదన్నావా?"

"అవునండీ..."

"ఉంది."

నువ్వు కూర్చో అన్నట్టు డెలోరెస్ కళ్ళు ఉరిమింది. అతను ఆమెను చూడలేదు, బెర్నడీన్ వైపు చూశాడు. "నీకిచ్చిన మాట తప్పమంటావా?"

బెర్నడీన్ కళ్ళు మూసుకుని తెరిచింది. "తప్పెయ్యి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తప్పుతావు?"

ఆర్వో వెళ్ళి, మంచు మీద లాగే స్లెడ్డు బండి నిండా నోటుబుక్కులు వేసుకుని లాక్కొచ్చాడు. నలభై ఒకటి. టెస్సా మొహం పాలిపోయింది. అయిపోయింది, ఓవెన్ సంగతి మొదలెడతాడు, సానా సంగతి చెబుతాడు, ఈ పిల్ల లేచిపోతుంది అని డెలోరెస్ బల్ల కింద కాలు సిద్ధం చేసుకుంది. కానీ ఆర్వో మూడే తీసి బల్ల మీద పెట్టాడు. గనిలో చదివినట్టే, నిదానంగా, ఒకే గొంతుతో చదివాడు.

"జనవరి ఇరవై ఎనిమిది. ఏడు గంటలు. నొక్కినవి ఒకటి. వెలిగింది. జనవరి ఇరవై తొమ్మిది. ఏడు గంటల ఒక నిమిషం. నొక్కినవి రెండు. వెలిగింది. జనవరి ముప్ఫై..."

"ఏం నొక్కడమండీ?" అంది టెస్సా.

బెర్నడీన్ వంటింటి గోడ వైపు చూపించింది. అక్కడ కుర్చీలో కూర్చున్న చేతికి అందే ఎత్తులో ఒక చిన్న గోధుమరంగు మీట ఉంది. "అది నొక్కితే ఆర్వో వంటబల్ల మీద దీపం వెలుగుతుంది. అంటే నేను లేచానని. వెంటనే ఆయన నొక్కుతాడు, ఇక్కడ దీపం వెలుగుతుంది. అంటే చూశానని. ఒకోసారి తీగలో సందేశం పోదు. ఇక్కడ దీపం వెలిగేదాకా నొక్కుతూనే ఉంటాను."

"మంచం పక్కనే పెడతానన్నాను నేను," అన్నాడు ఆర్వో. "ఒప్పుకోలేదు. పడుకుని నొక్కితే అది లేవడం ఎలా అవుతుంది అంది."

"ఏడూ పదికి వెలగకపోతే ఆయన దగ్గర మా ఇంటి తాళం ఉంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తాళం తియ్యనివ్వలేదు."

"పదకొండు వందల నలభై రెండు రోజులు," అన్నాడు ఆర్వో. "అందులో కరెంటు లేని ఆరు రోజులు కిటికీలోంచి టార్చి వేసింది. తీగ డెబ్బై తొమ్మిదిసార్లు తప్పింది. పెట్టెలు రెండుసార్లు పాడయ్యాయి, ఆ రాత్రికి రాత్రే మార్చాను. ఆవిడ తప్పింది సున్నా." నోటుబుక్కు మూశాడు. "మీ ఫైలులో ఒకసారి పడిపోయిందని రాశారు. మంచిదే, రాయాలి. ఎన్ని రోజుల్లో ఒకసారో మాత్రం రాయలేదు. తప్పింది ఒక్కటే రాసుకుని తిరిగితే దాన్ని లెక్క అనరమ్మా, చాడీ అంటారు."

డెలోరెస్ ఎదురు చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ళలో అది మొదటిసారి. ఆర్వో గమనించాడు గానీ రాసుకోలేదు.

టెస్సా ఒక్కొక్క పేజీనీ ఫోనుతో ఫొటో తీసుకుంది. మధ్యలో ఆగి, "ఈ చివరి గడిలో రోజూ ఒక టిక్కు ఉంది. ఇదేమిటండీ?" అని అడిగింది.

ఆర్వో దగ్గాడు. "అది ఇంకొకరి లెక్క."

ఆమె వెళ్ళాక డెలోరెస్ బెర్నడీన్ కుర్చీ పక్కన కూలబడింది. "నాతో ఒక్క ముక్క చెప్పలేదు కదే! నేనేమో పిచ్చిదానిలా నీకు క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగాను!"

"చెబితే నన్ను కనిపెట్టుకుని ఉన్నారని ఊరంతా తెలుస్తుంది. నాకు ఆయా వద్దన్నాను. దీపం పరీక్ష అంటేనే ఒప్పుకుంటానన్నాను." బెర్నడీన్ మీట వైపు చూసింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల ఇళ్ళ ముందు బస్సు ఆపి ఎదురుచూశాను, డెలోరెస్. ఇప్పుడు నా కోసం ఏడింటికి ఒకళ్ళు ఎదురుచూస్తారు. ఎలా ఉంటుందో తెలుసా? లేవాలనిపిస్తుంది."

మూడు వారాలకు కౌంటీ నుంచి జవాబు వచ్చింది. బెర్నడీన్ జూపన్ తన ఇంట్లోనే ఉండవచ్చు. ఉత్తరం అడుగున టెస్సా తన చేత్తో రెండు వాక్యాలు రాసింది: తన దగ్గరున్న మిగతా ముప్ఫై ఎనిమిది మందినీ ఇప్పుడు పడిపోని రోజుల గురించి కూడా అడుగుతోందట. అలాంటి నోటుబుక్కు ఎక్కడ దొరుకుతుందట.

ఆ నెల సభకు బెర్నడీన్ కూడా వచ్చింది. ఆర్వో పట్టిక అంటించగానే రూడీ మళ్ళీ మొదటి వరస మీద వేలు పెట్టాడు. "ఇప్పుడైనా చెబుతావా, ఎవరిది ఇది?"

"నాది," అంది బెర్నడీన్.

సంగతంతా విన్నాక రూడీ టోపీ తీసి, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరవాత ఆర్వో వైపు తిరిగి, "లెక్కలు వండుతున్నావన్న మాట వెనక్కి తీసుకుంటున్నానోయ్," అన్నాడు. "కానీ ఇది మోసమే. నా రేడియోని తెచ్చి బస్సు డ్రైవరుతో పోటీ పెడతావా?"

కౌంటీ జవాబు వచ్చిన రోజునే, సాయంత్రం, డెలోరెస్ మొగుణ్ణి వంటబల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"రహస్యాలు పద్నాలుగు చెప్పాను నీకు. పదకొండు చర్చి వంటింట్లో తేలాయి."

"అవి కూడా రాశావా!"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ."

"అరిజోనా రానన్నది?"

"అందుకే."

"కుట్లతో లేచి కూర్చున్నది?"

"అందుకే."

"మరి నా ఓవెన్?" అంటూ ఆమె సొరుగు లాగింది. అందులో కవరు విప్పని ఒక చిన్న డబ్బా ఉంది. ఉదయం స్పూన్ల కోసం వెతుకుతుంటే దొరికింది. కరెంటు పాయలు రెండింటినీ కలిపే డబ్బా అని పైన బొమ్మ వేసి మరీ ఉంది. తేదీ చూస్తే రెండున్నరేళ్ళ క్రితంది. "ఇది పెట్టుంటే నేను ఓవెన్ వెయ్యక్కర్లేదు కదా? రెండున్నరేళ్ళు చలిలో ఆరూ యాభైకి నన్ను ఎందుకు లేపినట్టు?"

ఆర్వో మూడో నోటుబుక్కు తెరిచి చివరి గడి మీద వేలు పెట్టాడు. ప్రతి తేదీకీ ఒక టిక్కు. పేజీ పైన సన్నటి అక్షరాలతో: ఓవెన్, డెలోరెస్.

"ఆ డబ్బా గురించి రూడీని అడిగాను. వెయ్యికి ఎనిమిది తప్పుతుందట. నీది ఇవాళ్టికి పదకొండు వందల యాభై ఏడుకి సున్నా. కరెంటు లేని ఆరు రోజులు నేను లెక్కలోకి తీసుకోలేదు, అది నీ తప్పు కాదు. జ్వరం వచ్చిన నాలుగు రోజులు కూడా లేచి వేశావు, నన్ను తిడుతూ." కళ్ళజోడు సర్దుకున్నాడు. "మంచిది తీసేసి చెడ్డది ఎవడైనా పెడతాడా?"

డెలోరెస్‌కి ఇంత ప్రేమగా ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆ సంగతి అతనికి తెలియనివ్వడం ఇష్టం లేక, "మరి ఆ వాల్‌నట్ల సంగతి కొట్టెయ్యి," అంది.

"అది వేరే నోటుబుక్కు," అన్నాడు ఆర్వో.

మర్నాడు ఆరూ యాభైకి ఆమె ఓవెన్ వేసింది. యాలకుల బన్నులు పెట్టింది. ఏడూ ఒకటికి దీపం వెలిగింది. ఆర్వో చెయ్యి చాచేలోగానే డెలోరెస్ మీట నొక్కేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. కిటికీ అవతల బెర్నడీన్ వంటింట్లో దీపం వెలిగి, ఆరి, వెలిగింది. ఒక క్షణమాగి ఇక్కడి దీపం రెండుసార్లు మినుకుమంది. డెలోరెస్ ఇంకోసారి నొక్కింది. అవతల ఎవరో నవ్వుతున్నట్టు ఇక్కడి దీపం మళ్ళీ మినుకుమంది.

"ఏమిటది? ఒకటి చాలు కదా!" అన్నాడు ఆర్వో కంగారుగా.

"పలకరించుకుంటున్నాం. నువ్వు రాసుకో."

ఆర్వో నోటుబుక్కు తెరిచాడు. అవసరమైనవి ఒకటి అని రాశాడు. మిగతావి అని రాసి, పెన్సిలు నాలుక మీద తడిపి, వాటిని ఏ గడిలో వెయ్యాలో తెలియక చాలాసేపు ఆలోచించాడు. బన్ను వాసన వచ్చేదాకా ఆలోచించాడు. డెలోరెస్ అతని భుజం మీదుగా వంగి చూసింది.

"మిగతావి: తప్పులు కావు," అని రాసి ఉంది.